మా మరిది చేసిన దర్యాప్తు

మా చెల్లెలి మొగుడు హెడ్ కానిస్టేబుల్. మనిషి చెడ్డవాడు కాదు. ఈ ముక్క అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు గానీ, పెళ్ళయిన కొత్తలో అతను అలాంటివాడే. అందరికంటే ముందు లేచి నీళ్ళు పట్టేవాడు. వదినా వదినా అంటూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు.

తర్వాత దూరంగా బదిలీ చేశారు. బారక్‌లో మంచాన్ని ఆనుకుని మంచం. సెలవు అడిగితే బందోబస్తు అనేవారు, అది అయ్యాక ఇంకో బందోబస్తు. ఎప్పుడో ఇంటికొచ్చి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వెళ్ళిపోయేవాడు. తాగుడు అలవాటైంది. ఎందుకయ్యా అంటే, "రోడ్డు మీద శవాన్ని ఎత్తి వచ్చి, పాలు తాగి పడుకోమంటారా వదినా?" అనేవాడు.

ఆ ఊళ్ళో బస్టాండు వెనక సందు అతను గస్తీ తిరిగే బీటు. అక్కడ బేరానికి నిలబడే ఆడవాళ్ళ సంచులు పోలీసులు వెతికేవారు. సంచిలో కండోమ్ దొరికితే అదే సాక్ష్యం, కేసు పెట్టేవారు. "ఇప్పుడు మా భయానికి ఒక్కత్తి కూడా దగ్గర పెట్టుకోవడం లేదు," అని భోజనాల దగ్గర గొప్పలు పోయేవాడు. అన్నం ముందు ఇవేం కబుర్లని నేను కసిరేదాన్ని.

చెల్లెలికి నెల తప్పింది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. రక్తం తీసుకున్నారు, మళ్ళీ పిలిచి ఇంకోసారి తీసుకున్నారు. కౌన్సిలర్ తలుపు దగ్గరగా వేసి, దానికి హెచ్ఐవి ఉందని చెప్పింది. కూరగాయలకు వెళ్ళాలన్నా నన్ను తోడు రమ్మనే పిల్ల అది. వెంటనే మందులు మొదలుపెట్టి మానకుండా వేసుకుంటే బిడ్డకు రాకుండా కాపాడుకోవచ్చని, భర్తను కూడా పరీక్షకు పంపమని కౌన్సిలర్ నిదానంగా చెబుతోంది. చెల్లెలు స్విచ్‌బోర్డు వైపు చూస్తూ కూర్చుంది. ఒక్క మాటా దాని చెవికెక్కినట్టు లేదు.

కబురు అందగానే మరిది దిగాడు. వచ్చి తల బాదుకుంటాడనుకున్నాను. కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎవడు వాడు?" అన్నాడు.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది.

"నేను లేనప్పుడు ఇంటికి ఎవరెవరు వచ్చారు? ఫోను ఇటివ్వు."

గొంతు పెంచలేదు. స్టేషన్లో దొంగను అడిగినట్టు, అడిగిందే అడుగుతూ పోయాడు. అది వెక్కివెక్కి ఏడ్చినా ఆపలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గులేదటయ్యా? ముందు నీ రక్తం చూపించుకో," అన్నాను.

"నాకెందుకొస్తుంది వదినా? పోలీసుని నేను."

యూనిఫాం చూస్తే జబ్బు కూడా సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకుంటుందని అతని ధీమా. నా నోరు మూయించాలనే మర్నాడు మాతో ఆస్పత్రికి వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. అతనికీ ఉందని తేలింది. పైగా ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయిన తీరు చూసి, చాలా కాలంగా ఉండి ఉంటుందన్నారు.

వరండాలో బల్ల మీద కూలబడి, నేల చూపులు చూస్తూ మొత్తం కక్కాడు. కేసు పెట్టకుండా వదిలేస్తానంటే ఆ ఆడవాళ్ళు కాదనేవారు కాదట. తాగి ఉండేవాడట. మిగతా కానిస్టేబుళ్ళూ వెళ్ళేవారట.

"జాగ్రత్త పడాలని తెలియదా?" అన్నాను.

"వాళ్ళ దగ్గర ఏమీ ఉండేవి కావు వదినా."

"నువ్వే లాక్కున్నాక ఎక్కడుంటాయి?"

అతను పళ్ళు కొరుకుతూ, "ఎవత్తో అంటించింది. ఎవత్తో తేలుస్తాను," అన్నాడు. ఛీ, ఇంకా దర్యాప్తే.

అప్పుడు నోరు విప్పింది చెల్లెలు. "అది తర్వాత తేల్చుకోండి. మీరు ఎవరెవరికి అంటించారో చెప్పండి ముందు. వాళ్ళలోనూ కడుపుతో ఉన్నవాళ్ళు ఉంటారు. పరీక్షకు పిలిపించమని లోపల కౌన్సిలర్‌కి చెబుతాను. పేర్లు చెప్పండి."

అతను వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టబోయి ఆగిపోయాడు.

"పేర్లు ఎప్పుడూ అడగలేదు," అన్నాడు.

చెల్లెలు నా చెయ్యి పట్టుకుని లేచింది. ఇద్దరం మందులిచ్చే కిటికీ దగ్గరకు వెళ్ళి వరసలో నిలబడ్డాం. అతణ్ణి రమ్మని అది పిలవలేదు.