ఒకే మలుపులో ఒకే తప్పు

ఆదోనిలో మూతపడిన ఒక పత్తి మిల్లు ఆవరణలో, పట్టపగలు, ఎదురుగా మనిషిగానీ బండిగానీ కనీసం అడ్డంగా పరిగెత్తే కుక్కగానీ లేనిచోట, నేను ఒక కారును చంపేశాను. గుద్ది కాదు. గుద్దుంటే సగం తప్పయినా గోడ మీదికి నెట్టేవాణ్ణి. ఒకే ఒక్క గేరు మార్చి చంపేశాను. అదెలా కుదిరిందో చెబుతాను. వింటూ నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఎమ్మిగనూరు బజారంతా ఇప్పటికే నవ్వేసింది, మీరే మిగిలారు.

ముందు నా సంగతి. ఎమ్మిగనూరులో నాకో చేనేత బట్టల కొట్టుంది. మా తాతా నాయనా గుంట మగ్గంలో కాళ్ళాడించి నేసినవాళ్ళు. నేను ఇతరులు నేసినవి కొని బెంగళూరు దుకాణాలకు పంపేవాణ్ణి. అమ్మా నాయనా పోయారు, అక్క పెళ్ళయి హుబ్బళ్ళిలో ఉంది, నాకు ముప్పై దాటి చాన్నాళ్ళయినా పెళ్ళి కాలేదు. ఒంటికాయ శొంఠికొమ్మంటారే, అది నేనే. అలాంటివాడు బెంగళూరు నుంచి కారు కొనుక్కొస్తే ఎలాంటిది తేవాలి? నేను పాత ఎర్ర రేసుకారు తెచ్చాను. నేలకు అతుక్కుపోయినట్టుంటుంది. చేత్తో గేర్లు మార్చుకోవాలి. సీట్లు రెండే.

మా కొట్టు పక్కన టీ కాసే నారాయణమ్మవ్వ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "రెండే సీట్లా నాయనా? ఇంట్లోవాళ్ళు యాడ కూసుంటారు?" అంది. అన్నాక గుర్తొచ్చినట్టుంది నా ఇంట్లో వాళ్ళెవరూ లేరని. పాపం, ఆ పూట నా టీలో చక్కెర రెట్టింపు వేసింది. నిజానికి ఆ రెండో సీటు కూడా నాకు దండగే. అందులో లుంగీల మూట పెట్టి, జారకుండా బెల్టు బిగించేవాణ్ణి. దారంతా మూటతో మాట్లాడేవాణ్ణి. మూట ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇంత మంచి సంబంధం మళ్ళీ దొరకదు కూడా.

రేసుకారు ఉన్నాక రేసువాళ్ళ విద్య రావాలి కదా. ఫోనులో వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. ట్రాకు మీద వేగంగా వచ్చేవాడు మలుపు ముందు బ్రేకు తొక్కుతూనే పై గేరు నుంచి కింది గేరుకు దిగుతాడు. దాన్నే డౌన్‌షిఫ్ట్ అంటారు. ఊరికే దిగితే చక్రాలు ఒక వేగంలో, ఇంజను ఇంకో వేగంలో ఉండి, క్లచ్ వదలగానే కారు తన్నుకుంటుంది. అందుకని కుడికాలి వేళ్ళు బ్రేకు మీద ఉండగానే, అదే కాలి మడమతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి ఇంజను వేగం పెంచాలి. ఎడమ కాలు క్లచ్ మీద, ఎడమ చెయ్యి గేరు మీద, కుడి చెయ్యి స్టీరింగు మీద. నోరొక్కటే ఖాళీ. దాంతో దేవుణ్ణి పిలుచుకోవచ్చు. మగ్గం తొక్కిన వంశంలో పుట్టినవాడికి ఇదో లెక్కా అనుకున్నాను. ఆదోని రోడ్డెక్కి ప్రయత్నించిన మొదటి రోజే మూట బెల్టు తెంచుకుని అద్దానికి తగిలింది.

అలా తన్నుకుంటూ ఒక ఆదివారం ఆదోని చేరి టీ తాగుతుంటే కారు చుట్టూ జనం మూగారు. మైలేజీ ఎంతని అందరూ అడిగారు. తెల్ల గడ్డం, మందపాటి కళ్ళద్దాలు ఉన్న ఒక పెద్దాయన మాత్రం మూడు నుంచి రెండుకు వచ్చేటప్పుడు మడమ ఎందుకు ఆలస్యం చేస్తున్నావని అడిగాడు. మలుపు తిరిగేటప్పుడు చప్పుడు విన్నాడట. ఆయనే మస్తాన్ సార్. చెన్నై దగ్గర రేసు ట్రాకులో ఏళ్ళ తరబడి డ్రైవింగు నేర్పి, చూపు తగ్గాక సొంతూరు ఆదోనికి వచ్చేశాడు. భార్య అంతకుముందే పోయింది. పిల్లల్లేరు. బంధువుల కొట్టు మీద ఒక గదిలో ఉంటాడు. నేర్పుతారా సార్ అని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ తొందరేమిటో నాకప్పుడు తట్టలేదు.

ఆయనకు తెలిసినవాళ్ళ పత్తి మిల్లు ఒకటి మూతపడి ఉంది. ఒకప్పుడు పత్తి బండ్లు దించిన సిమెంటు ఆవరణ పొడవుగా, నున్నగా ఉండేది. పాత టైర్లు పేర్చి మలుపులు చేశాం. ప్రతి ఆదివారం కొట్టు మూసి నేను వెళ్ళడం, లుంగీల మూట దిగిపోవడం, దాని చోట మస్తాన్ సార్ కూర్చోవడం. ఆయనకు కోపం రాదు, గొంతు లేవదు. కారు తన్నుకున్నప్పుడల్లా ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు సర్దుకుని, "ఇంకోసారి" అంటాడు. మధ్యాహ్నం బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించుకుని టైర్ల మీద కూర్చుని తినేవాళ్ళం. నేను బట్టల బేరాల గురించి చెబితే ఆయన వినేవాడు. ఆయన వర్షంలో ట్రాకు ఎలా ఉంటుందో చెబితే నేను వినేవాణ్ణి. ఎదురుగా మనిషి కూర్చుని తింటే బజ్జీకి అంత రుచి వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. నాకు డౌన్‌షిఫ్ట్ వచ్చేసింది.

ఒక ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు దాటగానే, మూట సాక్షిగా, మూడు నుంచి రెండుకు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ దిగింది. మూట కదల్లేదు. మామూలు మనిషయితే ఎగిరి గంతేస్తాడు. నేను మాత్రం కారు పక్కకు తీసి ఆపేశాను. నేర్చేసుకున్నాక ఇంక ఆదోని ఎందుకు వెళ్ళాలి? ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? ఊరికే మిమ్మల్ని చూద్దామని వచ్చాను సార్ అనడానికి మేమేం చుట్టాలమా?

ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళను మీరు చూసుంటారు. ఆడగలిగి కూడా మద్దెల ఓడు అన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నారు. మిల్లులో చివరి టైర్ల మలుపు దగ్గర మడమను కావాలని ఆలస్యం చేశాను. కారు తన్నుకుంది. కళ్ళద్దాలు జారాయి. "ఇంకోసారి," అన్నాడు సార్. ఆ మాట చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే మలుపు, అదే ఆలస్యం, అదే తన్ను. పరీక్ష తప్పడానికి ఇంత శ్రద్ధగా చదివిన విద్యార్థి కర్నూలు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఇలా సాగుతుండగా ఒకరోజు సార్ ఉన్నట్టుండి, ఈ మలుపు ఒక్కటి సరిగ్గా తిరిగితే ఇంక నేర్పేదేమీ లేదు, మీ ఊళ్ళో నువ్వు హాయిగా తిప్పుకోవచ్చు అన్నాడు. ఈసారి తప్పు మామూలుగా ఉంటే చాలదు, ఇంకో ఆరునెలల పాఠానికి సరిపడేంత పెద్దదిగా ఉండాలనుకున్నాను. మూడో గేరులో ఇంజను అరిచేదాకా తొక్కాను. టైర్లు దగ్గరపడ్డాయి. నా బుర్రంతా ఏ తప్పు చేయాలా అన్న ఆలోచనలోనే ఉంది. గేరు మీద చెయ్యి ఎటు పోయిందో చూసుకోలేదు. రెండుకు పోవాల్సింది ఒకటి వైపు పోయింది. మామూలుగా అయితే అంత వేగంలో ఒకటో గేరు పడదు, మొరాయిస్తుంది. కానీ నా ద్రోహి మడమ ఆ ఒక్కసారి నన్నడక్కుండా, తు.చ. తప్పకుండా, యాక్సిలరేటర్‌ను తట్టింది. గేరు వెన్నలా పడింది. క్లచ్ వదిలాను. అంత వేగంలో ఉన్న చక్రాలు ఇంజనును దాని శక్తికి మించి తిప్పేశాయి.

ఇంజను అరిచిన అరుపు ఆదోని కొండదాకా వినిపించి ఉంటుంది. తర్వాత ఠంగుమని ఒక చప్పుడు. కారు గుండ్రంగా తిరిగి ఆగింది. కింద నూనె సిమెంటు మీద నల్లగా పారుతోంది. ముందునుంచి పొగ.

ఇద్దరం దిగి టైర్ల మీద కూర్చున్నాం. తర్వాత మస్తాన్ సార్ నెమ్మదిగా, "ఎప్పట్నుంచి వచ్చప్పా నీకిది?" అని అడిగాడు.

"ఏది సార్?"

"నేర్చుకోనోడు ఒక్కోసారి ఒక్కో మాదిరి తప్పు చేస్తాడు. నువ్వు ఒకే మలుపులో, ఒకే సోట, ఒకే మాదిరి తప్పు చేస్తాండావు. అంత కచ్చితంగా తప్పు చేయాలంటే పని శానా బాగా రావాల."

నేను తల దించుకుని, మరి ముందే ఎందుకు చెప్పలేదు సార్ అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. "సెప్తే, ఆదివారం నేను యాడికి పోవాల?"

నేను లేచి తాడు వెతకడానికి పోయాను.

ఆదోనిలో సరుకు దించి ఎమ్మిగనూరు మీదుగా గోనెగండ్లకు ఖాళీగా పోతున్న ట్రాక్టరు ఒకటి దొరికింది. కారును దానికి తాడుతో కట్టాం. సార్ ఆదోనిలోనే ఆగిపోవచ్చు. ఆగలేదు, రెండో సీట్లో కూర్చున్నాడు. అలా ఎర్ర రేసుకారు ఎద్దులబండ్లు కూడా దాటిపోయే వేగంతో ఎమ్మిగనూరు రోడ్డు మీద ఊరేగింది. పొలాల్లో పనిచేసేవాళ్ళు నడుములు లేపి చూశారు. ఒక పెద్దమనిషి సైకిల్ మీద మా పక్కనే కొంతదూరం వచ్చి, పెళ్ళికొడుకు ఎవరని అడిగి, సమాధానం కోసం ఆగకుండా ముందుకెళ్ళిపోయాడు. మలుపు వచ్చినప్పుడల్లా నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. వేళ్ళు బ్రేకు మీద, మడమ పక్కకు. చచ్చిన ఇంజనుకు డౌన్‌షిఫ్ట్. సార్ కిందికి చూసి, "బాగుంది," అన్నాడు. ఇన్ని ఆదివారాల్లో ఆ మాట అనడం అదే మొదలు.

ఎమ్మిగనూరులో ఆయన్ను ఆదోని బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యెత్తాడు. వచ్చే ఆదివారం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మెకానిక్కు ఇంజను విప్పి చూసి, చావు ఇంట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడాడు. కారును కొట్టు వెనక పట్టా కప్పి ఉంచాను. ఆదివారాలు మళ్ళీ పాత ఆదివారాలయ్యాయి. కొట్టు మూసి, అన్నం వండుకుని, గోడకేసి చూస్తూ తినడం. ఫోను చేయొచ్చు కదా అంటారు మీరు. చేసి ఏమనాలి? చాలాసార్లు నంబరు తీశాను. అటునుంచీ రాలేదు. ఆయన కూడా ఫోను చేతిలో పట్టుకుని ఇదే ఆలోచించి ఉంటాడని ఇప్పుడనిపిస్తుంది.

ఒక ఆదివారం ఇంక ఉండలేక ఆదోని బస్సెక్కాను. ఆ బస్సులోనే, మా ఊరి నీలకంఠేశ్వరస్వామి సాక్షిగా, పక్కసీటు ఆవిడ బుట్టలోని కోడి కూడా సాక్షిగా, ఘోరమైన ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో వచ్చిన పనిని రాదని చెప్పను. తెలిసినదాన్ని తెలియదని నటించను. నా నోట ఆ అబద్ధం వస్తే నాలుక తెగిపోవుగాక.

సార్ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన మంచం మీద కూర్చున్నాడు. టీ తెప్పించాడు. ఇంజను ఎలా ఉందని అడిగాడు. పోయింది సార్ అన్నాను. టీ అయిపోయింది. మా మధ్య కారు లేకపోయేసరికి మాటలు కూడా లేకుండా పోయాయి. నేను గోడ చూశాను, ఆయన కిటికీ చూశాడు. ఇంక లేచి వెళ్ళొస్తానందామనుకుంటుండగా ఆయన మంచం కిందికి వంగి, దుమ్ము పట్టిన క్యారంబోర్డు బయటికి లాగాడు.

"ఇది వచ్చునా నీకు?"

కాలేజీలో చదివినన్నాళ్ళూ క్యారంలో నన్ను ఓడించినవాడు లేడు. కప్పులు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

"రాదు సార్," అన్నాను.

మస్తాన్ సార్ కళ్ళద్దాల మీదుగా నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత బోర్డు మీద దుమ్ము అరచేత్తో తుడుస్తూ, "కష్టమప్పా. శానా నాళ్ళు పడ్తాది," అన్నాడు.

ఒట్టు మాత్రం ఒట్టే. అది కార్లవరకే అని కోడికి ముందే చెప్పి ఉండాల్సింది.