పిట్టలనడిగి చెప్తాను

మా బాబాయి కొండమీది పొలంలో పిట్టలనడక్కుండా గడ్డిపోచ కూడా కోయడు. ఏ పని చెప్పినా ఒకటే జవాబు: "నాదేముంది? వాళ్ళొప్పుకోవాలి!"

వాళ్ళంటే గడ్డిలో నేలమీదే గూళ్ళు పెట్టుకునే పూరేడు పిట్టలు. పిల్లలు ఎగిరేదాకా కోత లేదు. ఆ తర్వాతైనా పొలం మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు కోయిస్తాడు, లోపల మిగిలినవాటికి పారిపోయే దారుండాలని. కోత యంత్రం ముందు తానే చప్పట్లు కొడుతూ నడుస్తాడు. "లేవండమ్మా, లేవండి, సామాన్లు తర్వాత తెచ్చుకుందురు!"

ఓసారి యంత్రం నడిపేవాడికి విసుగొచ్చింది.

"బాబుగారూ, వాన ముంచుకొస్తోంది. కానిద్దామా?"

"ఆ మూల పొదలో తల్లిపిట్ట ఉంది. నువ్వే వెళ్ళి అడుగు."

వాడు నిజంగానే వెళ్ళి, నోరు తెరవబోయి, తల గోక్కుంటూ తిరిగొచ్చాడు.

పొలం దిగువన ఎప్పుడూ చెమ్మగా ఉండే ఊటనేల ఉంది. దాన్ని పూడ్చి చదును చేయించమని పిన్ని పోరింది. కప్పలు ఒప్పుకోలేదట.

"నన్ను చేసుకునేముందు ఏ కప్పనడిగారో!" అంది పిన్ని.

"అప్పట్లో నాకంత తెలివి లేదు" అన్నాడు బాబాయి. ఆ పూట భోజనం తనే వడ్డించుకున్నాడు.

బాబాయిని చూసి అందరికన్నా ఎక్కువ నవ్వింది పక్క కొండమీది గొర్రెల ఆసామి. ఆయన తన ఊటనేల ఎప్పుడో పూడ్చేశాడు, గడ్డి వేళ్ళదాకా మేపించాడు. వానలు మొహం చాటేసిన ఏడాది ఆయన కొండ బోడిగుండయింది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. మా ఊటనేల చుట్టూ మాత్రం గడ్డి మోకాలెత్తున నిలబడింది. అయినా ఆయన అడగలేదు. ఇన్నాళ్ళూ నవ్విన నోరాయె! మందను తెగనమ్మేస్తానంటున్నాడని పిన్ని చెవిన పడింది.

మర్నాడు పొద్దున్నే బాబాయి నన్ను వెంటబెట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు నలుపుకుంటూ.

"బావా, నాకో సాయం చెయ్యాలి. గడ్డి మరీ ఏపుగా పెరిగిపోయింది. పిట్టపిల్లలు అందులో నడవలేక ఒకటే గోల. నీ మంద వచ్చి కాస్త పల్చగా మేస్తే..."

ఆసామి గొంతు సర్దుకున్నాడు. "నీ పిట్టలతో చచ్చే చావొచ్చిందయ్యా! సర్లే, ఇంతగా అడుగుతున్నావు కదాని..."

తిరిగొస్తూ అడిగాను. "బాబాయ్, పిల్లలు ఎగిరిపోయి నెల దాటింది కదా, గోల పెట్టిందెవరు?"

"మెల్లగా మాట్లాడరా! ఆయన వింటాడు."

అప్పటికే ఆసామి మందను తోలుకుని మా వెనకే వస్తున్నాడు, మాకేదో పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా తలెత్తుకుని. బాబాయి గేటు బార్లా తీసి, పక్కకు తప్పుకుని, "నీ మేలు మర్చిపోలేను బావా" అన్నాడు.

ఈయన మా సొంత బాబాయని ఊరంతా చాటాలనిపించింది. చాటితే ఆసామికి అసలు సంగతి తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను.