కొడుకు మీద సాక్ష్యం

చిలకలూరిపేటలో మా మహిళా సంఘానికి ఆఫీసంటూ ఉండేది కాదు. మా ఇంటి వరండాయే ఆఫీసు. తొంభైల చివర్లో, మిరపకోతల రోజుల్లో, ఒక పెద్దామె కోడల్ని నడిపించుకుంటూ వచ్చింది. ఆ పిల్ల జిన్నింగు మిల్లులో పనిచేస్తుంది. జుట్టుకి దూది అంటుకునే ఉంది. ఎడమ చెయ్యి విరిగి వేలాడుతోంది.

"మావాడే కొట్టాడమ్మా, రోకలితో. నా కళ్ళముందే," అంది పెద్దామె.

అంతవరకూ నేను చూసిన అత్తలందరూ కొడుకుల్ని వెనకేసుకొచ్చినవాళ్ళే. "స్టేషన్లో ఈ మాట చెప్పగలవా పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె కోడలి చేతికేసి చూసింది. "నన్ను మా ఆయన కొట్టేప్పుడు మా అత్త తలుపేసుకుని లోపల కూచునేది. పదమ్మా, పోదాం," అంది.

ఆస్పత్రిలో కట్టు కట్టించి స్టేషన్‌కి వెళ్ళాం. ఎస్సై నవ్వాడు.

"కన్నకొడుకుని లోపలేయిస్తావా? రేపు ఎవరి పంచన బతుకుతావే ముసలమ్మా?"

"నా రెక్కలున్నయ్యండి. మీరు రాసుకోండి."

కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఊళ్ళో ఆమెను కూలికి పిలవడం మానేశారు. కొడుకు బతుకు కూల్చిందని కుళాయి దగ్గర ఆడవాళ్ళే మొహమ్మీద అనేవారు. అత్తాకోడళ్ళు ఊరొదిలి మిల్లు పక్కన ఒక గదిలో చేరారు.

"బాధనిపించదా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకనిపించదమ్మా? వాయిదా ఉందంటే, వాణ్ణి చూడొచ్చని తెల్లారే తయారవుతా. అట్టాగని అబద్ధమెట్టా చెప్పేది?"

చివరికి అతనికి జైలుశిక్ష పడింది. ఆమె కోర్టు మెట్ల మీద కూలబడి గొల్లున ఏడ్చింది. కోడలు ఆమె తలను పొట్టకు అదుముకుని నిలబడింది. మా సంఘంవాళ్ళు మిఠాయి పొట్లం తెచ్చారు. విప్పొద్దని సైగ చేశాను. గెలిచిన కేసు అంత బరువుగా ఉండడం నాకదే మొదలు.

విడుదలయ్యాక అతను ఆ గదికి వచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఆమె బయట అరుగు మీదే కంచం పెట్టి, గోంగూర పచ్చడి వేసి, కొసరి కొసరి వడ్డించింది.

"లోపలికి రాకూడదా అమ్మా?" అన్నాడు.

"ఇది దాని ఇల్లు నాయనా. అది రమ్మన్నప్పుడు రా."

లోపల కోడలు పలకలేదు. అతను చెయ్యి కడుక్కుని, తల వంచుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా ఆ పిల్ల అతన్ని రమ్మనలేదు. రమ్మని పిలవమని పెద్దామె ఏనాడూ అడగలేదు.