మెట్ల మీద కబుర్లు

మా వీధి క్లినిక్‌లో నర్సమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. దగ్గంటూ వచ్చి సిరప్ రాయించుకుని పోదామంటే కుదరదు. ఊపిరి కొలిచే మిషను గొట్టం చేతికిచ్చి, "ఊదండి, గట్టిగా! వేడి టీ చల్లార్చుకుంటున్నట్టు ఊదితే ఎలా?" అని గదమాయిస్తుంది.

ఆమె భర్త పిండిమరలో పనిచేసేవాడు. ఇంటికొస్తూ మెట్ల మధ్యలో ఆగి, కనిపించినవాళ్లతో కబుర్లు పెట్టుకునేవాడు. "ఈయనకి ఇల్లు చేరాలన్న ధ్యాసే ఉండదు" అని ఆవిడ విసుక్కునేది. అతను దగ్గిన ప్రతిసారీ డాక్టరుగారు మందిచ్చారు. ఊదించి చూడాలని ఎవరికీ తోచలేదు. పెద్దాసుపత్రిలో ఊదించేనాటికి ఊపిరితిత్తులు సగానికి పైగా పాడైపోయాయి. అతను పోయాకే డాక్టరుగారు ఆ మిషను కొన్నారు.

మొన్న ముసలి వడ్రంగి ఒకాయన క్లినిక్ మెట్ల మధ్యలో పక్కనున్న కమ్మీ పట్టుకుని ఆగాడు. "ఏం నర్సమ్మా, కులాసాయేనా? ఎండలు ముదిరాయి కదూ?" అని నవ్వుతూ పలకరించాడు.

ఆవిడ నవ్వలేదు. కిందికి దిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"కబుర్లు తర్వాత చెబుదువుగాని బాబాయ్, ముందొచ్చి ఊదు. మా ఆయనా ఇలాగే ఆగి ఆగి అందర్నీ పలకరించేవాడు. నేను కబుర్లే అనుకున్నా."