‘మేము వెళ్తున్నాం ఇక’

ఫాతులారా కొండ మీద ఎతెల్వినా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళరు. కాఫీ తాగుతారు, ఉడకబెట్టిన కర్రపెండలం తింటారు, ఊళ్ళో నలుగురినీ ఆడిపోసుకుంటారు, ఆ తర్వాత చప్పుడు చెయ్యకుండా లేచి నడిచిపోతారు. తూర్పు తైమూరు కొండల్లో ఇంతకు మించిన అమర్యాద ఇంకోటి లేదు. గుమ్మం దగ్గర ఆగి ‘మేము వెళ్తున్నాం ఇక’ అనాలి, ఇంటివాళ్ళు ‘జాగ్రత్తగా వెళ్ళండి’ అనాలి, అదీ పద్ధతి. కానీ ఎతెల్వినా చెవిన ఆ మాట పడిందా, ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. లేచి తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడుతుంది. ఎవర్నీ బయటికి పోనివ్వదు. కొత్తగా వచ్చిన పాదిరీ గారు తెలియక అనేసి, పాపం, సాయంత్రం ప్రార్థన మానుకుని ఆ ఇంట్లోనే కూర్చోవలసి వచ్చింది.

ఆమె పుట్టుకతో ఇలాంటి మనిషి కాదు. కాఫీ కోతల్లో ఆమె గొంతు ఈ గట్టు మీద మొదలైతే ఆ లోయలో వినపడేది. మొగుడు అబీలియో పాడితే కుక్కలు లేచిపోతాయని అందరి ముందూ ఆటపట్టించేది. ఆ ఇంటి అలవాటు ఇంకోటుంది, ఊరంతా నవ్వుకునేవాళ్ళు. ఎవరికేం జరిగినా ‘మాకు’ జరిగినట్టే చెప్పేవాళ్ళు. అత్త బ్రిజిదాకు మోకాలు పట్టేస్తే కోడలు సంతలో నిలబడి ‘మాకు మోకాళ్ళ నొప్పులు’ అనేది. వినేవాళ్ళు ఆమె కాళ్ళ వంక చూసి బిత్తరపోయేవాళ్ళు.

ఇండోనేషియా నుంచి స్వాతంత్ర్యం కావాలా అని వోటు పెట్టిన ఏడు, 1999 సెప్టెంబరులో, అది గిట్టని సాయుధ ముఠాలు ఆ దేశపు సైనికుల అండతో ఊళ్ళ మీద పడ్డాయి. ఫాతులారాకు వచ్చిన ముఠాకు నాయకుడు పరాయివాడైనా బాగుండేది. సిప్రియానో, అబీలియోకి స్వయానా పెదనాన్న కొడుకు. వీళ్ళ పెళ్ళికి గేదెను తోలుకొచ్చింది ఆయనే. ఆ రోజు ఇళ్ళకు నిప్పంటుకుంటే, కొందరు కాఫీ గింజలు దాచే చెక్కల కొట్టంలో దూరారు. అత్తాకోడళ్ళు బస్తాల వెనక, మగవాళ్ళు తలుపు దగ్గర. ఎతెల్వినా చంటిపిల్లను రొమ్ముకు అదిమి పెట్టి, అది ఏడవకుండా చూసుకుంటూ నేల మీద పడుకుంది. బయట సిప్రియానో గొంతు గట్టిగా వినిపించింది: “మేము వెళ్తున్నాం ఇక!” లారీ స్టార్టయింది. అబీలియో, ఇంకో ముగ్గురు మెల్లిగా తలుపు తీసి బయటికి వెళ్ళారు. లారీ అయితే కదిలింది గాని ముఠా మనుషులు కదల్లేదు, కత్తులతో పొంచి ఉన్నారు. పలకల సందున కన్ను పెట్టి చూస్తున్న బ్రిజిదా ఒక్క కేక కూడా వెయ్యలేకపోయింది. రోడ్డు మీంచి సైనికుల హారన్ మోగాక ముఠా పరుగెత్తి లారీ ఎక్కింది. లోపలున్నవాళ్ళు అలా బతికారు.

మూడేళ్ళకు రాజధాని దిలీలో యుద్ధ నేరాల కోర్టు ముందు సిప్రియానో కేసు వచ్చింది. బ్రిజిదా అప్పటికి లేదు, అంతకు ముందు వానాకాలంలోనే పోయింది. ఆ రోజు కొట్టంలో దాక్కున్న ముసలాయన జెఫెరీనో ముందు రోజు సాక్ష్యం చెప్పాడు గాని, ఆయనకు చెవులు దూరం. “అబీలియో నా వైపు తిరిగి ‘పోతున్నార్ట’ అని సైగ చేసి లేచాడు, అంతే నాకు తెలిసింది” అన్నాడు. బయట అరిచిన మాటను చెవులారా విని, చెప్పడానికి బతికి ఉన్నది ఎతెల్వినా ఒక్కతే. ఆమె మాట నిలబడకపోతే సిప్రియానో ఇంటికొచ్చేస్తాడు.

కోర్టు మెట్ల మీద ఆడబిడ్డ ఓలందినా తమలపాకు నములుతూ ఆమె చెయ్యి పట్టుకు లాగింది. అబీలియోకి అక్క, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

“ఏమే, నే చెప్పింది గుర్తుందా? చూశాననే చెప్పు. అమ్మ చూసిందా లేదా? అమ్మ కళ్ళు వేరు, నీ కళ్ళు వేరూనా?”

“బైబిలు మీద చెయ్యి పెట్టిస్తారట వదినా.”

“పెట్టించనీ! వాడు చేసింది దేవుడికి తెలీదా ఏంటి? వాడు ఊళ్ళోకొచ్చి నా తమ్ముడి సమాధి ముందునుంచి ఛాతీ విరుచుకు నడుస్తాడు చూడు, అప్పుడు చెబుదువు గాని నీ బైబిలు సంగతి.”

ఎతెల్వినా చెయ్యి విడిపించుకుని మెట్లెక్కింది.

లోపల ముగ్గురు జడ్జిలు. ఇద్దరు పరదేశీయులు, మూడో ఆవిడ బవుకావు వైపు తైమూరు మనిషి. చెవులకు పెట్టుకోవడానికి ఏదో ఇచ్చారు. మూల గాజు గదిలో కూర్చున్న అనువాదకుడు ఇంగ్లీషును మా తేతుం భాషలోకి, తేతుంను ఇంగ్లీషులోకి తిప్పుతున్నాడు. ఎదురుగా సిప్రియానో తెల్ల చొక్కా వేసుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని, మొదటి సారి చర్చికి వచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. ఆ వేషం చూస్తే ఒళ్ళు మండదూ!

ఆయన తరఫు లాయరు పొడుగాటి మనిషి. గొంతు పెంచడు, నవ్వుతూనే తవ్వుతాడు.

“విచారణాధికారి మీ ఇంటికి వచ్చినప్పుడు ‘మేము చూశాం, సిప్రియానో కత్తితో కొట్టాడు’ అని చెప్పారు కదమ్మా?”

“చెప్పాను.”

“అయితే మీరు చూశారు.”

ఎతెల్వినా వెనక బల్లల వైపు చూసింది. ఓలందినా నమలడం ఆపేసి, తల చిన్నగా ఊపుతోంది. చెప్పు, చెప్పు. ఒక్క మాట. ఎవరు కాదంటారు? అత్త ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చెప్పిందంటే, కళ్ళు మూసుకుంటే ఎతెల్వినాకూ కనపడుతుంది: కత్తి లేవడం, అబీలియో చెయ్యి అడ్డం పెట్టడం. సిప్రియానో చూపు కూడా ఇప్పుడామె మీదే ఉంది.

“నేను చూడలేదు” అంది. “మా అత్త చూసింది. మా ఇంట్లో ఒకరు చూస్తే మేము చూసినట్టే. నేను పిల్లతో బస్తాల వెనక ఉన్నాను.”

వెనక బల్ల కిర్రుమంది. ఓలందినా లేచి విసురుగా బయటికి వెళ్ళిపోయింది.

పెద్ద జడ్జి నెమ్మదిగానే చెప్పాడు. చనిపోయినవాళ్ళ నోట విన్న మాటను కోర్టు వినకుండా తోసెయ్యదట. కానీ ఆవిడను పిలిచి ప్రశ్నించే వీలు లేదు గనక దాని బరువు చాలా తక్కువట. అత్త పోయేదాకా నిద్రపోకుండా మోసిన దృశ్యం బరువు తక్కువట! అది అన్యాయమే, నన్నడిగితే. కానీ కాఫీ కొనేవాడు సంచీ పైన చూసి ఊరుకోడు, అడుగు గింజ తీసి కొరికి చూస్తాడు. అత్త మాటలో కొరికి చూడటానికి వీళ్ళకు గింజ దొరకలేదు.

లాయరు ఇప్పుడు నిజంగా నవ్వాడు. “చూడలేదు, మంచిది. నిజం ఒప్పుకున్నారు. ఇక విన్నదాని సంగతి. నా కక్షిదారు చెప్పేదీ అదే. ఆయన తన మనుషుల్ని అక్కణ్ణించి తీసుకుపోదామని గట్టిగా కేక వేశాడు. కొట్టంలో జనం ఉన్నారని ఆయనకు తెలీదు. మీవాళ్ళు బయటికి రావడం, వెనకబడ్డ ఎవరో కొట్టడం, అది ఆయన చేతిలో లేదు. ఆయన తన మనుషులతో అన్నది, ఇందాక మీరు చెప్పిన మాటే, ‘మనం వెళ్తున్నాం ఇక’. అంతే కదమ్మా?”

అలసిపోయి ఉంది. ‘అవును’ అనబోయింది, నోరు తెరిచింది కూడా. అంతలో చెవిలో పడిన మాట ముల్లులా గుచ్చుకుంది.

“కాదు.”

“కాదా? ఇప్పుడే మీరు చెప్పారు కదా.”

“నేను చెప్పింది మేము. మీరు అంటున్నది మనం.”

గాజు గదిలో అనువాదకుడు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. మా తేతుంలో రెండు మాటలు: ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘ఇతా’, విడిగా ఉంచితే ‘అమి’. ఇంగ్లీషువాళ్ళకు రెండింటికీ కలిపి ఒక్కటే. ‘మీరు ఆ మాట అన్నారు, నేనూ ఆ మాటే అన్నాను, రెండూ ఒకటి కాదు’ అని ఇంగ్లీషులో చెబితే ఈ పిల్లకు మతి పోయిందనుకోరూ! ఆమె మాట ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు సగం రాలిపోయింది. లాయరు ‘తన మనుషులతో’ అన్నాడు గనక, తిరిగొచ్చేటప్పుడు అది సహజంగానే మనం అయి కూర్చుంది. ఆ సంగతి అనువాదకుడికీ అప్పుడే వెలిగింది.

తైమూరు జడ్జి చెవులకున్నది తీసి బల్ల మీద పెట్టింది. ముందుకు వంగి, తేతుంలోనే అడిగింది.

“చెల్లీ, తొందరేం లేదు. ఆ రోజు ఆయన ఏమని అరిచాడో, అలాగే అను.”

ఇందాక గొణిగినట్టు చెప్పడమే గాని, ఎతెల్వినా మూడేళ్ళుగా ఆ మాట గొంతెత్తి అనలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, సిప్రియానో కళ్ళలోకి చూస్తూ అరిచింది.

“మేము వెళ్తున్నాం ఇక!”

గది ఉలిక్కిపడింది. సిప్రియానో తల దించేశాడు.

“తన మనుషులతో చెబితే మనం అనాలి గదమ్మా. మేము అంటే, వెళ్ళేది వాళ్ళు, ఉండేది మేము. మాతోనే అన్నాడు. మేం లోపలున్నామని తెలిసే అన్నాడు. అందుకే మా ఆయన నమ్మి లేచాడు.”

జడ్జి ఆ రెండు మాటల తేడా పక్కనున్న ఇద్దరికీ విడమరిచి చెబుతుంటే లాయరు కాగితాలు సర్దుకున్నాడు. వదిలేరకం కాదు.

“రోడ్డు మీద సైనికులున్నారు. ‘మేము వెళ్తున్నాం’ అని వాళ్ళతో అని ఉండొచ్చు కదా?”

నేనూ ఆ బల్లల మీదే ఉన్నాను లెండి. అది అనగలిగే మాటే.

“సైనికులకు తేతుం ఎక్కడొచ్చు సార్?” అంది ఎతెల్వినా, అదేం ప్రశ్న అన్నట్టు. “వాళ్ళతో ఇండోనేషియా మాటే మాట్లాడేవాడు, నంగి నంగిగా. మాలాంటి ఊరివాళ్ళతోనే తేతుం.”

“మూడేళ్ళయింది. ఒక్క చిన్న మాట అంత కచ్చితంగా ఎలా గుర్తుంటుంది?”

“మా కొండల్లో ప్రతి చుట్టమూ గుమ్మంలో అదే అంటాడు సార్. ఎలా మర్చిపోమంటారు?”

తైమూరు జడ్జి సిప్రియానో వైపు తిరిగింది. తన మనుషులతో ఏమన్నాడో తన భాషలో చెప్పాలనుకుంటే చెప్పొచ్చు, చెప్పకపోయినా అది తప్పు కింద లెక్క కాదు అంది. ఆయన లాయరు వంక చూసి, చెప్పనని తల అడ్డంగా ఊపాడు.

తిరుగు ప్రయాణంలో ట్రక్కు మీద ఓలందినా ముందు కూర్చుంది, ఎతెల్వినా వెనక. “చూశానంటే నీ సొమ్మేం పోయేదే” అంది ఓలందినా చివరికి, దిగుతూ. ఏడుస్తూనే అంది.

అక్టోబరులో తీర్పు వచ్చింది. చర్చి దగ్గర రేడియో పెట్టుకుని విన్నాం. సిప్రియానో తన చేత్తో చంపాడన్నది రుజువు కాలేదు, చూసిన మనిషి లేదు గనక. జనాన్ని నమ్మించి బయటికి పిలిచి చావుకు అప్పగించాడన్నది రుజువైంది. పన్నెండేళ్ళ జైలు. ఒకే సాక్షి మాట మీద ఎందుకు ఆధారపడ్డారో కూడా చదివారు. చూశానని చెప్పడం ఆమెకు చాలా సులువు, లాభం కూడా. అయినా చూడలేదంది. అందువల్ల విన్నానన్నదాన్ని నమ్ముతున్నాం. జెఫెరీనో చెప్పిన ‘పోతున్నార్ట’ దానికి సరిపోతోంది. ఓలందినా వెళ్ళి ఎతెల్వినా ఇంట్లో పొయ్యి రాజేసి కాఫీ పెట్టింది.

నవంబరు రెండు, చనిపోయినవాళ్ళ పండగ. ఊరంతా సమాధుల దగ్గర పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళతో కబుర్లు చెప్పింది. లేచేటప్పుడు వాళ్ళకూ చెప్పి రావాలి. అక్కడ మాత్రం మాట జాగ్రత్త. పిల్లలెవరైనా నోరుజారి ‘మనం వెళ్తున్నాం’ అంటే చెంప మీద ఒకటిస్తారు, పోయినవాళ్ళు లేచి ఇంటికి వెంట వస్తారని. ఎతెల్వినా మూడేళ్ళూ అబీలియోకి చెప్పకుండానే లేచి వచ్చేసింది. ఆ మాట అనలేకపోయింది. అసలు సంగతి అడిగితే, వెంట వస్తే రానీ అని కూడా ఉండేదేమో.

“చెప్పవే” అంది ఓలందినా, భుజం మీద చెయ్యి వేసి. “వాడు ఎదురు చూస్తుంటాడు.”

ఎతెల్వినా మోకాళ్ళ మీద కూర్చుని, సమాధి మీది పూలు రెండుసార్లు సర్దింది.

“అబీలియో, మేము వెళ్తున్నాం ఇక.”

మూడేళ్ళ పిల్ల తల్లి కొంగు పట్టుకుని వెనక్కి వెనక్కి చూస్తోంది. “నాన్న రాడా?” అంది.

“రాడమ్మా” అంది ఎతెల్వినా. “మేము అన్నాను, విన్లేదూ?”