కాయిల్ లేని చెయ్యి

నేను దయ్యాలను నమ్మను. నాగపూర్‌లో బియ్యెస్సీ చదివాను, అందులోనూ ఫిజిక్స్. ఈ సంగతి జరిగాక కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు. ఏదో దయ్యం పని అనుకుని అన్నం తిని పడుకునేవాణ్ణి.

మా రాజురా తాలూకాను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి బొంబాయిలో కలిపిన రోజులవి. కొన్నాళ్ళకు చాందా జిల్లాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు, ఇచ్చారు. మా కిరాణా కొట్టు ఉన్నచోటే ఉంది, దాని చిరునామా మాత్రం తిరుగుతూ ఉండేది. మా కారు మీదున్న హైదరాబాదు నంబరు మార్చుకోవాలంటే, బండిని చాందాలో ఆఫీసరుకు చూపించాలన్నారు.

ఆ కారు మా చిన్నాయనది. యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైంది. మలుపుల దగ్గర మిణుకుమనే లైట్లు దానికి లేవు. రెండు పక్కలా తలుపుల మధ్య స్తంభంలో జానెడు రేకు చెయ్యి ఒకటి మడిచి ఉంటుంది. స్టీరింగు మీది మీట తిప్పితే లోపలున్న రాగితీగ కాయిల్‌కు కరెంటు వెళ్ళి చెయ్యి బయటికి లేస్తుంది, అందులో చిన్న దీపం వెలుగుతుంది. ఏ పక్క చెయ్యి లేస్తే బండి ఆ పక్కకు మళ్ళుతుందని లెక్క.

ఎడమ చేతి కాయిల్ మాడిపోయింది. బల్లార్‌పూర్‌లో దానియేలు మేస్త్రి దాన్ని ఊడదీసి, తీగలు కత్తిరించి, కొసలకు టేపు చుట్టి, కాయిల్‌ను నా చేతిలో పెట్టాడు. తీసిన సామాను యజమానికి ఇచ్చెయ్యడం ఆయన పద్ధతి. కొత్తది వేశామని అబద్ధమాడే మేస్త్రీలంటే ఆయనకు గిట్టదు. కొత్త కాయిల్ బొంబాయి నుంచి రావాలి.

అలా కాయిల్ లేకుండానే ఒక మధ్యాహ్నం బల్లార్‌పూర్ వెళ్తున్నాను. బామ్ని దగ్గర ఎడమకు ఊళ్ళోకి దారి చీలుతుంది. నేను తిన్నగా పోతున్నాను, మీట ముట్టలేదు. ఆ దారిలోంచి ఎడ్లబండి ఒకటి నాకు అడ్డంగా వచ్చేసింది. బ్రేకు వేసినా తగిలింది. బండి చక్రం విరిగింది. ఒక ఎద్దు ముంగాలు చీరుకుపోయింది. మిరుగం, అంటే మృగశిర కార్తె, వానలు వారంలో పడతాయి. దున్నాల్సిన ఎద్దు అది.

బండి తోలుతున్నది లస్మయ్య అనే బామ్ని రైతు. మా నాన్న ఈడువాడు.

"చెయ్యి లేపి సక్కగ పోతవేంది సేట్? ఊళ్లెకు మళ్లుతవని గద నేను ఎడ్లను తోలిన."

దిగి చూశాను. చెయ్యి లోపలే ఉంది. నేను కూర్చునేది కుడివైపు, నడిపేటప్పుడు కారు ఎడమ చెయ్యి నాకు కనిపించదు. అదప్పుడు పెద్ద విషయంగా తోచలేదు.

మర్నాడు బామ్ని చావడిలో పటేల్ ముందు పంచాయితీ. అక్కడా చెయ్యి లేచిందనే చెప్పి లస్మయ్య నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేశాడని ఒళ్ళు మండిపోయింది. మాడిన కాయిల్ తీసి పటేల్ ముందు పెట్టాను. ఇది లేకుండా చెయ్యి ఎలా లేస్తుందని అడిగి, విద్యుత్తు మీద చిన్న పాఠం చెప్పాను. ఎవరూ అడగలేదు గానీ చెప్పాను. తప్పు లస్మయ్యదేనని తేల్చారు.

ఆయన వాదించలేదు. "నేను జూసిన పటేలా. దీపం గూడ ఎలిగింది" అని, కుంటుతున్న ఎద్దును పట్టుకుని వెళ్ళిపోయాడు. దీపం మాట వినగానే నాకు ఇంకా మండింది. అబద్ధానికి అలంకారమొకటా అనిపించింది.

నాలుగు రోజులకు చాందా ఆఫీసు. కాయిల్ ఇంకా రాలేదని చెప్పి గడువు అడగాలని నా ఉద్దేశం. సాక్ష్యానికి దానియేలును తీసుకెళ్ళాను. ఆఫీసరు ఎడమ పక్కన నిలబడి చెయ్యి లేపమన్నాడు. పని చెయ్యదండీ, చూడండి అని మీట తిప్పాను.

"ఠీక్ హై" అన్నాడు ఆయన.

దిగి అటు వెళ్ళాను. చెయ్యి లేచి ఉంది. దీపం వెలుగుతోంది. దానియేలు స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల ఖాళీ. టేపు చుట్టిన తీగ కొసలు చుట్టినట్టే ఉన్నాయి. చెయ్యి మాత్రం దిగలేదు.

"నేనే ఊడదీసిన గద సేట్, గీ చేతులతోటి" అని దానియేలు మెల్లగా అని, రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను ఆఫీసరుతో వాదించాను, నా కారును ఫెయిల్ చెయ్యమని. అటువంటి మనిషి ఆయనకు అంతకుముందు తగిలినట్టు లేదు. కాగితం మీద ముద్ర గుద్ది, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. గేటు దాటాక ఆగి చూస్తే చెయ్యి దిగి ఉంది.

తిరుగుదారిలో నాకు ఒక్కటే తట్టింది. చాందాలో లేచిన చెయ్యి బామ్నిలో లేవలేదని ఏ మొహంతో అనాలి? నేరుగా లస్మయ్య చేనుకు వెళ్ళాను.

"చెయ్యి లేచింది కాకా" అన్నాను. ఎలా లేచిందని ఆయన అడగలేదు.

"గా మాట నాకెందుకు చెప్తున్నవ్? నాకెరుకనే గద. పటేలుకు చెప్పు."

చెప్పాను. అదే చావడిలో, అదే జనం ముందు. దానియేలు కూడా చెప్పాడు. కారును చావడి ముందుకు తెచ్చి మీట తిప్పాను. ఇరవైసార్లు తిప్పి ఉంటాను. ఆ రేకుముక్క కదల్లేదు.

"గా కాయిల్ లేకుంట చెయ్యెట్ల లేస్తది సేట్? నువ్వే గద చెప్పినవ్" అన్నాడు పటేల్.

నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్నవాడు మరొకడు నాకు తగల్లేదు. తీర్పు మారలేదు.

మర్నాడు మా కొట్టు బండికి కట్టే ఎద్దును నేనే నడిపించుకుంటూ బామ్ని వెళ్ళాను.

"పటేలు ఒప్పుకున్నడా?" అన్నాడు లస్మయ్య.

"లే కాకా. నేనే తెచ్చిన."

ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూశాడు. కాడికి కట్టాడు. ఆ వానకు చేను దున్నారు.

కొత్త కాయిల్ వచ్చాక చెయ్యి బుద్ధిగా పనిచేసింది. కాయిల్ లేనప్పుడు ఎలా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడం భరించగలను. ఎవరికీ అక్కరలేని చోట లేచి, ఒక పెద్దమనిషి మాట నిలబెట్టాల్సిన చోట మడుచుకుని కూర్చుంది చూడండి, దాన్ని మాత్రం క్షమించలేదు.