సున్న చుట్టిన చుక్కలు

మా సేఫ్టీ సారు ఇక లేరన్న సమాచారం నాకు నేలకు మూడంతస్తుల ఎత్తున అందింది. ఒమాన్ దేశపు బహ్లాలో మేము కడుతున్న భవనానికి బయటివైపు నిలబెట్టిన ఇనుప పరంజా మీద, ఒక కాగితంపై ఇంజినీరు సంతకం కోసం వేచి ఉన్నాను. ఫోన్‌లో మా క్రికెట్ గ్రూపు సందేశం వచ్చింది. భోజన విరామంలో గదికి వెళ్ళి పడుకున్న సారు డ్యూటీ వేళకు లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పారట. నాలుగేళ్ళుగా పరంజాలు ఎక్కి దిగుతున్న నాకు, కింద నేల ఉందన్న సంగతి అప్పుడే మొదటిసారి కనిపించింది. రెండు చేతులతో పైపును వాటేసుకున్నాను. దిగడం చేతకాలేదు. చివరికి ప్లాస్టరింగ్ పని చేసే రాజలింగం వచ్చి, నా పాదాలను ఒక్కొక్కటిగా తన చేత్తో పట్టి మెట్ల మీద పెడుతూ కిందికి చేర్చాడు.

మరణం విరామ సమయంలో, గదిలో, మంచం మీద సంభవించింది గనుక సైటు ప్రమాదాల రిజిస్టరులో దానికి గడి లేదు. ఆ రిజిస్టరును ఏళ్ళ తరబడి నడిపిన మనిషికి ఈ విషయం కొంత ఊరట కలిగించి ఉండేది.

సారుది జగిత్యాల వైపు. ఉద్యోగరీత్యా భయపడటం ఆయన బాధ్యత. దానిని సెలవు రోజున కూడా నిర్వర్తించేవారు. కుర్చీలో కూర్చునే ముందు దాని నాలుగు కాళ్ళనూ అరచేత్తో నొక్కి చూసేవారు. కళ్ళజోడును హెల్మెట్ తాడుతో మెడకు కట్టుకునేవారు. ఇంటికి ఫోన్ చేస్తే కుశలప్రశ్నల కంటే ముందు గ్యాస్ కట్టేశారా అని అడిగేవారు. మేము నవ్వేవాళ్ళం. "నవ్వుండ్రి బాబు. నాకు జీతమిచ్చేదే భయపడనీకి," అనేవారు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఆయన నిర్వహించిన మరో పదవి గురించి పాఠకులకు తెలియజేయడం నా విధి. మా కార్మికుల గదుల వెనక గులకరాళ్ళ మైదానంలో శుక్రవారాలు జరిగే క్రికెట్‌కు ఉత్తమ ఫీల్డర్ ఎంపిక సంఘం ఒకటి ఉంది. దానికి ఆయన అధ్యక్షులు. ఊళ్ళో ప్రైవేటు క్లినిక్‌లో నర్సుగా పనిచేసే కాకినాడ సిస్టర్ గారు సభ్యురాలు. కంపెనీలో కాగితాలు చూసే నేను కార్యదర్శిని. బహుమతి, తలుపులకు వేయగా మిగిలిన బంగారు రంగు కొట్టిన సైటు గ్లవ్ ఒకటి, ఎడమ చేతిది. బ్యాటింగుకూ బౌలింగుకూ మా దగ్గర ఏ బహుమతీ లేదు. పరుగులూ వికెట్లూ పుస్తకంలో తమంతట తామే కనిపిస్తాయనీ, ఫీల్డింగు ఒక్కటే ఎవరో ఒకరు వాదిస్తే తప్ప కనిపించదనీ సారు అభిప్రాయం.

వాదించడానికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టారు. పరుగు రాని బంతికి స్కోరు పుస్తకంలో చుక్క పెట్టడం అందరూ చేసేదే. బ్యాట్స్‌మన్ పరుగుకు రెండడుగులు వేసి, ఫీల్డరును చూసి జంకి వెనక్కి వెళితే, సారు ఆ చుక్క చుట్టూ చిన్న సున్న చుట్టి పక్కన ఆ ఫీల్డరు పేరులో మొదటి అక్షరం రాసేవారు. సీజను చివర ఆ సున్నలన్నీ మా ముందు పెట్టేవారు. వాటిలో అత్యధికం 'రా' అని ఉండేవి. రాజలింగం బ్యాట్స్‌మన్‌కు పక్కగా, పాయింట్‌లో నిలబడేవాడు. నలభై దాటిన మనిషి. ఎన్నడూ దూకినవాడు కాడు, పరుగెత్తడం కూడా అరుదు. బంతి ఎటు వస్తుందో ముందే అటు జరిగి ఉండేవాడు.

"పట్టినోన్ని అందరు జూస్తరు. పట్టే పని పడకుండ నిలవడ్డోన్ని ఎవలు జూడరు. మనం గూడ జూడకపోతే ఎట్ల?" అని ఆయన వాదన.

గత సీజనులో సంఘం ఈ వాదనను రెండు ఓట్ల తేడాతో కాదు, రెండు ఓట్లతో తిరస్కరించింది. ఆ రెండింటిలో ఒకటి నాది. గోడలకు బయటివైపు రాయి అతికించే గంగాధర్, గాలిలో అడ్డంగా ఎగిరి ఒంటి చేత్తో పట్టిన క్యాచ్‌ను మేము కళ్ళారా చూశాం. చూసిన దానికి ఓటు వేశాం. సారు అసమ్మతి నమోదు చేయమని కోరి, తానే వెళ్ళి గంగాధర్‌ చేతికి గ్లవ్ తొడిగారు.

ఆ తరువాత మైదానంలో అందరూ దూకడం మొదలుపెట్టారు. సారు శుక్రవారం తెల్లవారకముందే ఖాళీ సిమెంటు సంచితో వచ్చి, వంగి వంగి పదునైన రాళ్ళు ఏరసాగారు. సంచి నిండేది; రాళ్ళు తరిగేవి కావు. మూడో వారం గంగాధర్ మళ్ళీ ఎగిరాడు. ఈసారి కుడి భుజం మీద పడ్డాడు. లేచి "ఏం గాలే, ఏం గాలే" అంటూ నవ్వాడు. ఆ నవ్వు చూసే నాకు మొదట భయం వేసింది. సిస్టర్ గారు ఎముక మీద వేలు పెట్టి, అతని ముఖం చూసి, వేలు తీసేశారు. క్లినిక్ ఎక్స్‌రేలో కాలరు ఎముకకు సన్నని చీలిక ఉంది.

గంగాధర్ ఒప్పందం తిరిగి రాయడానికి, దానికి ముందు జరిగే వైద్య పరీక్షకు, నెలన్నర గడువుంది. డ్యూటీలో తగలని దెబ్బ కంపెనీకి తెలిస్తే మనిషిని ఇంటికి పంపడమే మా దగ్గర ఆనవాయితీ. తెలియకపోతే మర్నాడు పొద్దున అతను చీలిన ఎముకతో, బరువైన రాతి పలకతో పరంజా ఎక్కాలి. పలక జారితే కింద ఉన్నవాడు చస్తాడు. చెప్పాల్సిన అధికారి మా అధ్యక్షులే.

"నా పిల్లలు సదువుకుంటున్రు సార్," అన్నాడు గంగాధర్. అంతకు మించి ఏమీ అడగలేదు.

సారు తాగని టీ గ్లాసును సిస్టర్ గారి చేతికిచ్చి లేచి వెళ్ళారు.

మర్నాడు డ్యూటీ మొదలయ్యేలోగా ఆ పరంజాకు ఎర్ర అట్ట వేలాడుతోంది: ఎవరూ ఎక్కరాదు. మూడో అంతస్తు దగ్గర పైపులను బిగించే క్లాంపు ఒకటి లోపించిందని సారు నివేదిక. అది నిజం, నేను స్వయంగా చూశాను, క్లాంపు లేదు. సారు అక్కడికి ఎక్కకముందు ఉందా అన్న అంశాన్ని ఏ సంఘమూ విచారించలేదు. ఒకటి పోయింది గనుక తక్కినవన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాలని ఆయన పట్టుబట్టారు. ఆ పనిని తానొక్కరే, నాలుగు వారాలు చేశారు. మేనేజరు అందరి ముందూ నానా మాటలు అన్నాడు. సారు తల వంచుకుని నిలబడి, ప్రతిసారీ అదే కాగితం చూపించారు. నివేదికల్లో ఎన్నడూ అబద్ధం రాయని మనిషి అన్నం మానేశారు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవారు. గంగాధర్ ఆ నాలుగు వారాలూ నేల మీద కూర్చుని, రాతి పలకలను రంగుల వారీగా ఎడమ చేత్తో వేరు చేశాడు. ఎముక అతుక్కుంది. ఒప్పందం కుదిరింది. కారణం అతనికి ఎవరూ చెప్పలేదు. క్లాంపు పోవడం తన అదృష్టమనుకున్నాడు.

సారు పోయిన రెండో రోజు, ఇంటికి పంపవలసిన సామాను జాబితా రాసే బాధ్యత నాకు అప్పగించారు. జాబితా మీద కంపెనీ ముద్ర పడాలి. రాజలింగం, గంగాధర్ వస్తువులు తీస్తుంటే నేను రాస్తున్నాను. పెట్టె అడుగున తువ్వాలులో చుట్టిన బరువేదో తగిలింది. గంగాధర్ విప్పాడు. నూనె రాసి, తుప్పు పట్టకుండా దాచిన క్లాంపు.

"ఇది కంపెనీది గద. సారు పెట్టెల ఎందుకున్నది?" అన్నాడు.

రాజలింగం నా వైపు చూశాడు. జాబితాలో రాస్తే చనిపోయిన మనిషి దొంగ. నా కలం కాగితం మీద ఆగిపోయింది. పరంజా మీద పట్టుకున్న భయమే మళ్ళీ పట్టుకుంది. ఇంతకాలం మా అందరి వాటా ఆయన ఒక్కరే భయపడి పెట్టారు కాబట్టి మేము ధైర్యవంతులుగా చెలామణి అయ్యామని అప్పుడు అర్థమైంది.

గంగాధర్ క్లాంపును అటూ ఇటూ తిప్పాడు. అతని ఎడమ చేయి తనకు తెలియకుండానే కుడి భుజం మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. క్లాంపును నా ముందు పెట్టి, "తువ్వాలు ఒకటి అని రాయి సార్," అన్నాడు. రాశాను.

శుక్రవారం ఆట ఆపుదామని ఎవరో అన్నారు. రాళ్ళు ఏరి మొదలుపెడదామని సిస్టర్ గారు అన్నారు. పదిహేను మంది వంగి ఏరాం. గంగాధర్ బంగారు గ్లవ్ తెచ్చి రాజలింగం చేతిలో పెట్టబోయాడు. రాజలింగం రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకెందుకురా? నేనేం జేసిన? బాలు నా దిక్కు రానే రాలే."

సంఘం దానినే అర్హతగా పరిగణించి, అధ్యక్షుల పాత అసమ్మతిని ఏకగ్రీవంగా ఆమోదించింది. గ్లవ్‌ను అతను నడుముకు దోపుకున్నాడు, తొడుక్కోలేదు.

స్కోరు పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. గాలికి పేజీలు లేవకుండా దాని మీద ఆ క్లాంపు పెట్టాను. సారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ముందు నాలుగు కాళ్ళూ నొక్కి చూశాను. మూడో ఓవర్లో బంతి పాయింట్ వైపు దొర్లింది. బ్యాట్స్‌మన్ రెండడుగులు ముందుకు వేశాడు. రాజలింగం కదలలేదు, ఊరికే అక్కడ ఉన్నాడు. బ్యాట్స్‌మన్ ఆగి, వెనక్కి వెళ్ళాడు.

చుక్క పెట్టాను. దాని చుట్టూ సున్న చుట్టాను. అది సరిగ్గా గుండ్రంగా రాలేదు.